క్వింటీ ఒడ్డున హ్యాష్ దుకాణం

టొరంటో వదిలి తూర్పుకు బయల్దేరితే ఊరు ఒక పట్టాన వెనకపడదు. గిడ్డంగులు, కార్ల షోరూములు, ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్లు చాలా దూరం వెంటే వస్తాయి. ఓషవా దాటాక నేలకు కాస్త ఊపిరాడుతుంది. కుడిపక్క ఒంటారియో సరస్సు చెట్ల సందుల్లోంచి కనిపించి మాయమవుతూ ఉంటుంది. ఎడమపక్క కోతలైపోయిన మొక్కజొన్న చేలు. అక్టోబరు చివరి రోజులు. మేపుల్ చెట్లు సగానికి పైగా ఆకు రాల్చేశాయి. రోడ్డు వార సుమాక్ పొదలు మాత్రం ఇంకా ఎర్రగా మండుతున్నాయి. దారి కోసం గట్లు తొలిచిన చోట సున్నపురాయి పొరలు పొరలుగా బయటపడింది. బెల్‌విల్ దగ్గరపడేసరికి అడవి బాతులు బారులు తీరి దక్షిణానికి పోతున్నాయి. కారు అద్దం దించితే వాటి అరుపులు చెవుల్ని నింపేశాయి.

బండి నడుపుతున్నది మా పిన్ని కొడుకు. స్కార్‌బరోలో కాపురం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

"అక్కడ చూడ్డానికేముంది అన్నయ్యా? రోడ్డు పక్కన గంజాయి కొట్లే కదా. మా ఇంటి దగ్గర కూడా ఉన్నాయి" అన్నాడు.

వాడి మాట నిజమే. 2018 అక్టోబరు 17న కెనడా గంజాయి అమ్మకాన్ని చట్టబద్ధం చేసింది. ఒంటారియోలో 19 ఏళ్లు నిండిన ఎవరైనా లైసెన్సున్న దుకాణానికి వెళ్లి కొనుక్కోవచ్చు. నాకు గంజాయి చూడాలనేమీ లేదు. పాడేరు, చింతపల్లి, గూడెంకొత్తవీధి ప్రాంతాల్లో తిరిగిన ఏళ్లలో దాని వాసనా తెలుసు, దానివల్ల ఆ ఊళ్లకు వచ్చిన కష్టమూ తెలుసు. నేను చూడాలనుకున్నది మనుషుల్ని. ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకోకుండా, ఈ నేల మాది, దీని మీద ఏం అమ్మాలో మేమే తేల్చుకుంటాం అని బోర్డు పెట్టుకున్న ఆదివాసుల్ని. విశాఖ కొండల్లో ఏ గిరిజనుడి నోటా నేను ఆ మాట వినలేదు. అనే ధైర్యం లేక కాదు. అంటే ఏమవుతుందో వాళ్లకు తెలుసు గనక.

మోహాక్ ఆదివాసుల ప్రాంతమైన టయెండినేగాలోకి ఎప్పుడు అడుగుపెట్టామో దారి చెప్పదు. గేటు లేదు, చెక్‌పోస్టు లేదు. పొలాలు అలాగే ఉన్నాయి, ఇళ్లు కొంచెం దూరం దూరంగా జరిగాయి. ఎర్రటి గుడ్డ మీద పసుపు సూర్యబింబం, దానిలో ఒక యోధుడి ముఖం ఉన్న జెండాలు కనిపించడం మొదలైంది. ఊదారంగు మీద తెల్లని గుర్తులున్న, మోహాకులు భాగమైన హోడెనొషోనీ సమాఖ్య జెండాలు కూడా. ఎదురొచ్చే బండ్లలోని వాళ్లు స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తి పలకరించి పోతున్నారు. టొరంటోలో ఇన్నేళ్లున్నా తనకెవరూ అలా వేలెత్తలేదని తమ్ముడు ఆశ్చర్యపోయాడు. కాసేపటికి వాడూ ఎత్తడం మొదలుపెట్టాడు.

ముందు సరస్సు వైపే వెళ్లాం. క్వింటీ అఖాతం ఒడ్డుకు దగ్గరలో 1843లో కట్టిన రాతి చర్చి ఉంది. క్రైస్ట్ చర్చ్ అంటారు. అది మోహాకుల రాజ ప్రార్థనా మందిరం. బ్రిటన్ రాణి ఆన్ 1712లో మోహాకులకు పంపిన వెండి పాత్రల్లో కొన్ని ఈ సంఘం దగ్గరే ఉన్నాయి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో మోహాకులు బ్రిటిష్ వారి పక్షాన పోరాడారు. ఆ పక్షం ఓడిపోయింది, న్యూయార్క్‌లోని మోహాక్ లోయలో ఉన్న సొంత ఊళ్లూ పోయాయి. వెండి పాత్రల్ని మట్టిలో పాతిపెట్టి తరలిపోయి, తర్వాత తవ్వి తెచ్చుకున్నారు. 1784 మే నెలలో కెప్టెన్ జాన్ డెసరాంటియన్ వెంట ఇరవై దాకా కుటుంబాలు పడవల మీద వచ్చి ఈ ఒడ్డున దిగాయి. ఇప్పటికీ ఏటా మే నెలలో ఆ దిగడాన్ని గుర్తు చేసుకుంటారు.

చేసిన సాయానికి బదులుగా 1793లో లెఫ్టినెంట్ గవర్నర్ సిమ్‌కో రాసిచ్చిన పత్రంలో ఉన్న భూమి సుమారు 92,700 ఎకరాలు. ఈనాడు మోహాకుల చేతిలో మిగిలింది దాదాపు 18,000 ఎకరాలు. పోయినదాంట్లో ఎక్కువ భాగం 1820కీ 1843కీ మధ్యనే పోయింది. చర్చి లేచిన ఏడాదికల్లా నేల కరిగిపోయిందన్నమాట. పక్కనే ఉన్న డెసరాంటో పట్నం ఆ కెప్టెన్ పేరునే పెట్టుకుంది. ఆ పట్నం కింది నేలలో కొంత భాగం మీద మోహాకుల దావా ఇంకా తెగలేదు. 1927 నుంచి 1951 దాకా కెనడా చట్టం ప్రకారం, ఆదివాసుల భూమి దావా నడపడానికి ప్రభుత్వ అనుమతి లేకుండా డబ్బు పోగుచెయ్యడమే నేరం. లాయరును పెట్టుకోవడానికి చందా అడిగితే శిక్ష. చర్చి అరుగు మీద కూర్చుని ఆ సంవత్సరాలు తమ్ముడికి చెబుతుంటే వాడు, "ఇక్కడ పౌరసత్వం పరీక్ష రాశాను, ఇది ఎక్కడా చదివిన గుర్తు లేదన్నయ్యా" అన్నాడు.

అక్కడి నుంచి లోపలి రోడ్డు పట్టుకుంటే దుకాణాలు. పాతవి సిగరెట్టు కొట్లు. పన్ను లేని పొగాకు అమ్మి ఇక్కడి కుటుంబాలు ఎన్నో ఏళ్లు బతికాయి. గంజాయి కొట్లు కొన్ని దుంగలతో కట్టిన ఇళ్లు, కొన్ని రేకు షెడ్లు, కొన్ని అద్దాల తలుపులతో కొత్త భవనాలు. దుంగల ఇల్లొకటి ఎంచుకుని లోపలికి వెళ్లాం. ముందు వయసు చూపే కార్డు అడిగారు. నా పాస్‌పోర్టులో సింహాల ముద్ర చూసి కౌంటరు వెనక ఉన్నావిడ చిరునవ్వు నవ్వింది. యాభై ఏళ్లుంటాయి. జుట్టు ఒకే జడ. గోడకు తెల్లని పూసల మీద రెండు ఊదారంగు గీతలున్న పట్టీ బొమ్మ వేలాడుతోంది. 17వ శతాబ్దంలో డచ్చివారితో చేసుకున్న ఒప్పందానికి గుర్తుగా హోడెనొషోనీలు చెప్పుకునే పూసల పట్టీ అది. ఒక గీత వాళ్ల పడవ, ఒక గీత తెల్లవారి ఓడ. ఒకే నదిలో పక్కపక్కన సాగాలి, ఒకరి చుక్కాని ఒకరు పట్టకూడదు. ఈ దుకాణానికి చట్టం ఏదని ఎవరైనా అడిగితే ఆవిడ వేలు ఆ బొమ్మ వైపే వెళుతుంది.

అద్దాల బల్ల కింద హ్యాష్ ఒక వరస నిండా ఉంది. పలకలు, ఉండలు, వేలెడు కడ్డీలు. పైన నలుపు, తుంచిన చోట తేనె రంగు. మా అమ్మమ్మగారింట్లో చాపల మీద ఆరబెట్టిన మామిడి తాండ్రను మడతలు పెట్టి కోస్తే అంచు ఎలా కనిపించేదో అలా ఉంది ఒక పలక. చీటీల మీద పేర్లు: మొరాకో తీరు, లెబనాన్ తీరు, అఫ్గాన్ తీరు, నేపాలీ గుడి ఉండ. చివర్న చరస్.

"సంప్రదాయ పద్ధతి అని రాశారు, ఎలా చేస్తారు?" అని అడిగాను.

ఆవిడ తొందరపడలేదు. నా ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య ఒక నిశ్శబ్దం వదిలింది. ఆ రోజంతా అక్కడి వాళ్లందరిలో అదే మర్యాద గమనించాను. అవతలి మాట పూర్తిగా ముగిసిందని తేలే దాకా ఆగుతారు. మాట మధ్యలో అందుకునే మన అలవాటు నాకక్కడ గట్టిగా తెలిసొచ్చింది.

గంజాయి ఆడమొక్క పూత మీద తెల్లని నూగు ఉంటుంది. చెట్టు శక్తంతా ఆ నూగు కొసన ఉండే జిగురు బుడిపెల్లోనే. హ్యాష్ అంటే ఆ బుడిపెల్ని ఆకు నుంచి విడదీసి ఒక్కచోటికి చేర్చడమే. మొరాకో రిఫ్ కొండల్లో ఎండు మొక్కను పలచటి గుడ్డ కట్టిన పాత్ర మీద పరిచి, పైన కప్పేసి కర్రలతో డప్పు వాయించినట్టు కొడతారు. పొడి గుడ్డలోంచి కిందికి రాలుతుంది. లెబనాన్ బెకా లోయలో మొక్క చేలోనే ఎండి ఎరుపెక్కే దాకా వదిలి ఆ తర్వాత జల్లిస్తారు. అఫ్గాన్లు జల్లించిన పొడిని వెచ్చబెట్టి, కొద్దిగా నీళ్లో తేనీరో చిలకరించి చేత్తో పిసికి నల్లబరుస్తారు. హిమాలయాల్లో జల్లెడే లేదు. పచ్చి మొక్క నిలబడి ఉండగానే పూతను రెండు అరచేతుల మధ్య నెమ్మదిగా నలుపుతారు. జిగురు చేతికి అంటుకుంటుంది. దాన్ని రుద్ది ఉండ చేస్తారు. అదే చరస్. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నలిపినా దక్కేది కొద్ది గ్రాములే. ఆవిడ దుకాణంలోని సరుకు చాలావరకు చలికి గడ్డకట్టించిన పూతను సన్న జల్లెళ్లలో జల్లించి, వేడి తగిలేలా నెమ్మదిగా ఒత్తి చేసింది. ఆ పనికి రసాయన ద్రావకాలు అక్కర్లేదు. చెయ్యి, వేడి, ఓపిక చాలు. చేసేవాళ్లు ఇక్కడి యువకులేనని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో గర్వం దాచుకోలేదు.

"మరి ఈ సంప్రదాయం ఎవరిది?" అన్నాను.

"మాది కాదు. మా పవిత్రమైన మొక్క పొగాకు. ప్రార్థన చేసేటప్పుడు నిప్పులో వేసేది అదే. ఇది దూరం నుంచి వచ్చింది, చాలామంది చేతుల మీదుగా. మీ దేశంవాళ్ల చేతుల మీదుగా కూడా" అంది. చరస్ చీటీ ఉన్న డబ్బా మూత తీసి నా ముందు పెట్టింది. పచ్చి పూత వాసన, మిరియాల ఘాటు, అడుగున తడిమట్టి.

నేను కొనలేదు. తాగే అలవాటు లేదు. సరిహద్దు దాటించడం కెనడాలోనూ నేరమే, మన దగ్గర సంగతి చెప్పక్కర్లేదు. కొనలేదని ఆవిడ మొహం మాడ్చుకోలేదు. తర్వాత వచ్చిన ముసలాయనకు కీళ్లనొప్పుల లేపనం గురించి వివరించడంలో మునిగిపోయింది.

ఆ డబ్బా మీది చరస్ అనే మాట దగ్గర నా మనసు చాలాసేపు ఆగిపోయింది. ఒకప్పుడు యార్కండ్ నుంచి లేహ్ మీదుగా పంజాబు దాకా చరస్ బేళ్లు బారులు తీరి నడిచాయి. దొరలు దాని మీద సుంకం వసూలు చేశారు. 1893-94లో గంజాయి మీద వేసిన విచారణ సంఘం వెయ్యిమందికి పైగా సాక్షుల్ని విచారించి, మితంగా వాడితే హాని తక్కువ, పూర్తి నిషేధం అక్కర్లేదని రాసింది. 1961 ఐక్యరాజ్యసమితి ఒప్పందం గంజాయినీ దాని జిగురునూ కఠిన నియంత్రణ కిందికి తెచ్చింది. 1973లో ఖాట్మండులో లైసెన్సు దుకాణాలు మూతపడ్డాయి. 1985లో మన మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. ఆకును, అంటే భంగును, నిర్వచనం నుంచి వదిలేసి పూతనూ జిగురునూ పట్టుకుంది. వాణిజ్య పరిమాణం దాటితే, అంటే గంజాయి 20 కిలోలు, చరస్ ఒక కిలో దాటితే, తక్కువలో తక్కువ పదేళ్ల జైలు. నలిపే నేర్పు కులూ జిల్లాలోని మలాణా వాళ్లది. వాళ్లు నలిపితే జైలు. వాళ్ల నేర్పు పేరు చీటీ మీద అచ్చై ఒంటారియోలో అద్దాల కింద మెరుస్తోంది. ఇది న్యాయం కాదు. మోహాకుల తప్పూ కాదు. పేరు పెట్టుకుని గౌరవించింది వాళ్లే. అన్యాయం చేసింది, కొండవాళ్ల చేతికి పని ఉంచి ఆ పని మీద మాట లేకుండా చేసిన రాజ్యాలు.

మధ్యాహ్నం తిండి ఒక చిన్న హోటల్లో. మొక్కజొన్న సూపు. తెల్ల మొక్కజొన్నను కట్టెల బూడిద నీళ్లలో ఉడకబెట్టి పైపొట్టు వలిచి, బాగా కడిగి, చిక్కుడు గింజలతో, ఉప్పు పట్టించిన పంది మాంసంతో గంటల తరబడి కాస్తారు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి మూడూ ఒకే మడిలో వేసుకునే పంట. ఒకదానికొకటి కర్ర, ఎరువు, నీడ. గింజ నోట్లో మెత్తగా నలుగుతుంది గాని పిండి కాదు. కారం లేదు. మొదటి చెంచాకు నాలుక అడిగింది, మూడో చెంచాకు మరిచిపోయింది. పంది మాంసం తినని తమ్ముడు అఖాతంలో పట్టిన పికరెల్ చేప వేయించినది తిన్నాడు. చలికాలం మంచు గడ్డకు కన్నం పెట్టి పట్టే చేప అది. ముళ్లు తక్కువ. కొర్రమీనంత రుచని వాడి తీర్పు.

పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన మా భాష ఏమిటని అడిగాడు. తెలుగు అని చెప్పి, దుకాణం గురించి చెప్పాను. ఆయనకు ఆ దుకాణాలంటే ఇష్టం లేదు. డబ్బు కొన్ని ఇళ్లకే పోతోందన్నాడు. కుర్రాళ్లు భాష నేర్చుకునే వయసులో కౌంటరు వెనక నిలబడుతున్నారన్నాడు. మా ముసలమ్మలు ఈ పొగను మందు అనలేదన్నాడు. "అయితే మూయించాలంటారా?" అని అడిగాను. మళ్లీ ఆ నిశ్శబ్దం. "మూయిస్తే మేమే మూయించాలి. బయటి పోలీసు వచ్చి కాదు" అన్నాడు. దుకాణం ఆవిడా, ఈయనా ఒకరికొకరు పూర్తి వ్యతిరేకం. నిర్ణయం ఎవరిదన్న చోట మాత్రం ఇద్దరి మాటా ఒకటే. నేను ఇంత దూరం వచ్చింది ఆ మాట కోసమేనని సూపు చల్లారుతుండగా నాకు అర్థమైంది.

ఆయనే మాకు రైలు పట్టాలు చూపించాడు. 2020 ఫిబ్రవరిలో, దేశానికి అవతలి కొసన వెట్‌సువెటెన్ ఆదివాసుల నేల మీదుగా గ్యాస్ గొట్టం వేస్తున్నారని, వాళ్లకు మద్దతుగా టయెండినేగా మోహాకులు ఈ పట్టాల పక్కన మంచులో శిబిరం వేశారు. టొరంటో, మాంట్రియాల్ మధ్య రైళ్లు ఆగిపోయాయి. ఇప్పుడు అక్కడ పట్టాలూ, ఎండుగడ్డీ తప్ప ఏమీ లేవు. ఒక సరుకు రైలు దడదడలాడుతూ పోయింది. పెట్టెలు లెక్కపెట్టడం మానేసేంత పొడుగు. నిలబడి పోరాడిన ఈ ప్రాంతంలోనే 2008 నుంచి ఏళ్ల తరబడి ఎన్నో ఇళ్లకు కుళాయి నీళ్లు కాచుకునే తాగండన్న హెచ్చరిక కొనసాగింది. ప్రపంచంలోని పెద్ద మంచినీటి సరస్సుల్లో ఒకటి కనుచూపు మేరలో ఉంది. ఈ సంగతి చదివినప్పుడు కలిగిన కోపం కంటే, ఆ ఒడ్డున నిలబడి నీళ్లను చూస్తే కలిగిన కోపం ఎక్కువ.

తిరుగు దారిలో తమ్ముడు అడిగాడు, "మన ఏజెన్సీ వాళ్లకూ ఇలా అమ్ముకోనిస్తే బాగుపడతారంటావా?" నాకు సులువైన జవాబు లేదు, కానీ ఒక అభిప్రాయం ఉంది. మన కొండల్లో గంజాయి గిరిజనుడి వ్యాపారం కాదు. శీలావతి రకం విత్తనం తెచ్చేది బయటివాడు, పెట్టుబడి బయటివాడిది, లారీ బయటివాడిది. చేనూ, చాకిరీ, జైలూ మాత్రం గిరిజనుడివి. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు వేల ఎకరాల్లో మొక్కలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల గంజాయిని గుట్టగా పోసి తగలబెట్టారు. గంజాయి నూనె తీసి సీసాల్లో తరలించేవాళ్లు కూడా పట్టుబడుతూనే ఉన్నారు. విశాఖలో చదువుకునే పిల్లల జేబుల్లోకి అది చేరుతోందన్నది నిజం, దాన్ని ఆపాల్సిందే. అయితే మొక్కను నరికినంత వేగంగా ఆ కుటుంబానికి మరో పంట నిలబెట్టాలి కదా. కాఫీ తోట కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. 1970 నాటి ఒకటో నెంబరు చట్టం గిరిజన భూమి గిరిజనేతరుడి పేరు మీదికి పోకుండా ఆపింది. ఆ చట్టం లేకపోతే పాడేరు కూడా 92,700 నుంచి 18,000కు వచ్చి ఉండేది. కానీ పేరు మీద భూమి ఉండటం వేరు, దాని మీద మాట చెల్లడం వేరు. టయెండినేగాలో నాకు కనిపించింది ఆ రెండోది, సగం చెల్లుతూ, సగం కొట్లాడుతూ.

ఊరికి తిరిగొచ్చాక కాఫీ పళ్లు కోసే రోజుల్లో చింతపల్లి వైపు వెళ్లాను. తెలిసిన ఇల్లొకటి. ఆ ఇంటి చిన్నకొడుకు మూట మోసినందుకు పట్టుబడ్డాడు. బరువు 20 కిలోలు దాటింది గనక బెయిలు రావడం లేదు. వాళ్లమ్మ ఎర్రటి పళ్లు గంపలోకి ఏరుతూ నా ప్రయాణం గురించి అడిగింది. దుకాణం, జెండాలు, సూపు, పెద్దాయన, అన్నీ చెప్పాను. అమ్మేవాళ్లూ మనలాంటి కొండ మనుషులే అన్నట్టు విన్నది.

"ఆళ్లకి పట్టాలున్నాయేటి బాబూ?"

రెండువందల ఏళ్ల కిందటి కాగితం ఉందని, అందులో రాసిన భూమిలో అయిదో వంతే మిగిలిందని చెప్పాను.

"పోలీసోళ్లు రారా మరి?"

కొన్నిచోట్ల వస్తారన్నాను. నోవా స్కోషియాలో మిక్‌మా ఆదివాసుల దుకాణాల మీద దాడులు చేసి సరుకు పట్టుకుపోయారు, కేసులూ పెట్టారు. ఆ కేసుల్లో వాళ్లు కోర్టుకెళ్లి, తప్పు చేశామని ఒప్పుకోకుండా, ఇది మా ఒప్పందపు హక్కు అని వాదిస్తున్నారని చెప్పాను. ఆవిడ ఏరడం ఆపి, ఆ వాదించే లాయరుకి డబ్బు ఎవరిస్తున్నారని అడిగింది. తెలిసినంతవరకు చెప్పి, విశాఖలో ఉచిత న్యాయసహాయం కోసం ఎవర్ని కలవాలో కాగితం మీద రాసిచ్చాను. సోమవారం ఆవిడతో కలిసి నేనూ వెళుతున్నాను.